చదవకుండా ఉండటానికి ఐదు కారణాలట

"ముస్లిం కానివాళ్ళు ఇస్లాం గురించి ఎందుకు చదవకూడదు: ఐదు కారణాలు." ఈ మెసేజ్ మళ్ళీ వచ్చింది. నేను ఇస్లాం చరిత్ర చదువుతున్నానని తెలిసిన ప్రతి మిత్రుడూ నా మేలు కోరి దీన్ని పంపుతూనే ఉన్నాడు. తమాషా ఏమిటంటే ఇస్లాం అంటే అభిమానం ఉన్నవాళ్ళూ పంపుతున్నారు, గిట్టనివాళ్ళూ పంపుతున్నారు. మొదటి రెండు కారణాలు ఒకరికి నచ్చాయి, మిగతా మూడూ ఇంకొకరికి. ఇన్నాళ్ళూ దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఇక నావల్ల కాదు.

ఒకటో కారణం: ముస్లిం కానివాళ్ళు ఖురాన్‌ని ముట్టుకోకూడదు కాబట్టి చదవకూడదు. ముట్టుకోవడం గురించి ఫిఖహ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్ర) పండితుల్లో చర్చ ఉన్నమాట నిజమే. 56వ సూరాలో (అధ్యాయంలో) పరిశుద్ధులు తప్ప దీన్ని తాకరనే మాట ఉంది. దాన్ని బట్టే వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) లేకుండా అరబీ ప్రతిని పట్టుకోవచ్చా లేదా అని ముస్లింలే వాదించుకున్నారు. ముట్టుకోవడం వేరు, చదివి తెలుసుకోవడం వేరు. ఖురాన్‌ని మొట్టమొదట విన్న మక్కావాసుల్లో ఎక్కువమంది అప్పటికి ముస్లింలే కారు. వాళ్ళు వినకూడదనుకుంటే ఆ బోధ ఎవరికి చేసినట్టు?

రెండోది: అరబీ రాకపోతే ఒక్క ముక్క అర్థం కాదు. పరిశోధన చేసేవాడికైతే అరబీ రావాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ ప్రపంచంలో ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశాల్లో ఇండోనేషియా ఒకటి. అక్కడివాళ్ళ మాతృభాష అరబీ కాదు. వాళ్ళకు లేని షరతు నాకెందుకు?

మూడోది: చదివితే మతం మారిపోతారు. గిరీశ్ చంద్ర సేన్ 1880లలో ఖురాన్ మొత్తాన్ని బెంగాలీలోకి అనువదించారు. ఆయన బ్రహ్మసమాజీకుడిగానే ఉన్నారు. చిలుకూరి నారాయణరావుగారు 1925లో తెలుగులోకి తెచ్చారు, ఆయనా మారలేదు. ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలైన హదీసుల మీద ఇప్పటికీ తప్పించుకోలేని పరిశోధన చేసిన ఇగ్నాజ్ గోల్డ్‌జిహర్ కైరోలోని అల్ అజ్‌హర్‌లో చదువుకుని కూడా చివరిదాకా యూదుడే. మారినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఖురాన్‌ని ఇంగ్లీషులోకి అనువదించిన పిక్తాల్ 1917లో ఇస్లాం స్వీకరించారు. అది ఆయన ఇష్టం. నాలుగు పేజీలు తిప్పితే ఊడిపోయే విశ్వాసమైతే దాని గురించి టెన్షన్ పడాల్సింది పుస్తకం వల్ల కాదు.

నాలుగోది: మక్కాలోకే రానివ్వని మతం మనకెందుకు. రానివ్వరు, నిజమే. నేను పుస్తకం తెరుస్తున్నాను, మక్కాకి టికెట్ కొనడం లేదు.

ఇక ఐదోది. అసలు ఒళ్ళు మండింది దీనికే. "అంత చదవక్కర్లేదు, ఈ ఒక్క వాక్యం చాలు" అంటూ 9వ సూరా 5వ ఆయత్‌ని ఇచ్చారు: "కాఫిర్లను ఎక్కడ దొరికితే అక్కడ చంపండి." మొదలు లేదు, చివర లేదు. ఆ ఆయత్ "నిషిద్ధ మాసాలు (యుద్ధం చేయకూడని నెలలు) గడిచాక" అని మొదలవుతుంది. అందులో ఉన్న మాట కాఫిర్లు (అవిశ్వాసులు) కాదు, ముష్రిక్కులు, అంటే బహుదైవారాధకులు. దానికి ముందున్న 4వ ఆయత్ మీతో ఒప్పందం చేసుకుని దాన్ని తప్పనివాళ్ళకు గడువు తీరేదాకా మాట నిలబెట్టుకోమంటుంది. తర్వాతి 6వ ఆయత్ వాళ్ళలో ఎవరైనా శరణు కోరితే ఇచ్చి, దేవుడి వాక్కు వినిపించి, క్షేమంగా ఉండే చోటికి చేర్చమంటుంది. 13వ ఆయత్‌కి వచ్చేసరికి, ప్రమాణాలు తప్పి ముందుగా కయ్యానికి దిగినవాళ్ళ సంగతి వస్తుంది. పైనొకటీ కిందొకటీ చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు లేనివాడికి ఇంత పొడుగు మెసేజ్ టైపు చేసే తీరిక ఎక్కడిదో!

అయితే ఇక్కడ మెసేజ్ రాసినవాడికి ఒక మార్కు వెయ్యాలి. "అదంతా ఆనాటి యుద్ధ సందర్భం, అంతే" అని కొట్టిపారేసే మిత్రులు కూడా సగమే చెబుతున్నారు. అదే 5వ ఆయత్ వాళ్ళు పశ్చాత్తాపపడి, నమాజు చేసి, జకాత్ (విధిగా ఇవ్వాల్సిన దానం) ఇస్తే వదిలేయమంటుంది. ఆ షరతు నాలాంటివాడికి ఊరటనిచ్చేదేమీ కాదు. పైగా, ఈ ఆయత్ రావడంతో అంతకుముందు సహనం గురించి చెప్పిన ఆయత్‌లు వందకు పైగా రద్దయ్యాయని పూర్వపు వ్యాఖ్యాతలు కొందరు రాశారు. దాన్ని దాచిపెట్టడం ఎందుకు? కానీ కథ అక్కడితో ఆగలేదు. 1505లో చనిపోయిన పండితుడు సుయూతీ ఖురాన్ మొత్తంలో రద్దయినవి ఇరవై వరకే అన్నాడు. 18వ శతాబ్దంలో ఢిల్లీకి చెందిన పండితుడు షా వలీవుల్లా ఆ లెక్కను ఐదుకు దించాడు. ఒక్క ఆయత్ చుట్టూ శతాబ్దాల తరబడి ఇంత తగాదా నడిచింది. ఇది తెలియాలంటే తఫ్సీర్లు (ఖురాన్ వ్యాఖ్యానాలు) తిరగెయ్యాలి. చదవొద్దని చెప్పడానికి ఎంచుకున్న వాక్యమే అన్నిటికంటే ఎక్కువ చదువు కోరుతోంది!

ఖురాన్ కాలక్రమంలో ఉండదన్న సంగతి కూడా వీళ్ళకు పట్టలేదు. మొదట అవతరించినవిగా చెప్పే ఐదు ఆయత్‌లు 96వ సూరాలో ఉంటే, చివరి దశకు చెందిన సూరా 9వ స్థానంలో ఉంది. నవలలాగా మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతే ఎవరైనా దారి తప్పుతారు.

ఇవి చాలవన్నట్టు ఆఖర్న ఒక హదీసు తగిలించారు. ఏ గ్రంథంలోదో లేదు, నంబరు లేదు, చెప్పినవాడి పేరు లేదు. హదీసులు సేకరించిన బుఖారీ సంకలనం తెరిస్తే మొట్టమొదటి హదీసుకే ఎంత ఆనవాలు ఉందో చూడండి: హుమైదీ తనకు చెప్పాడు, హుమైదీకి సుఫ్యాన్, సుఫ్యాన్‌కి యహ్యా, యహ్యాకి ముహమ్మద్ ఇబ్రాహీం, ఆయనకు అల్ఖమా, అల్ఖమాకి ప్రవక్త సహచరుడు ఉమర్. కర్మలు సంకల్పాన్ని బట్టే అన్న ఒక్క మాటకు ఇంతమంది సాక్షులు. వాళ్ళలో ప్రతివాడూ నమ్మదగినవాడేనా అని ఆరా తీయడం ఒక శాస్త్రమే అయింది. ఆ శాస్త్రాన్ని కూడా శంకించి రాసినవాడే గోల్డ్‌జిహర్. మన మెసేజ్‌కి ఉన్న సాక్ష్యమల్లా పైన "ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్" అన్న ముద్ర.

ఆ హదీసు ఏ గ్రంథంలోదో, నంబరు ఎంతో పంపినవాళ్ళలో ఎవరైనా కనుక్కుని చెప్పండి. దాని మీద అప్పుడు మాట్లాడుకుందాం.