కిటికీ ప్రారంభోత్సవం

ఒకానొక పెద్దాసుపత్రి ఓపీ హాలుకు కిటికీలున్నాయి. బయట నిలబడి చూస్తే తెలుస్తుంది. లోపల మాత్రం ఫ్లెక్సీలే కనిపిస్తాయి. ‘క్షయను అంతం చేద్దాం’ అన్న ఫ్లెక్సీ వెనకే కిటికీ రెక్కలకు మేకులు దిగ్గొట్టారు. ఏసీ పెట్టారు కదా, చల్లగాలి వృథా కాకూడదు!

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. ఒకరు దగ్గితే గాల్లో గంటల తరబడి తేలే క్షయ క్రిములను కులమత భేదం లేకుండా హాలంతా పంచిపెడుతుంది. సంక్షేమ పథకాల్లో మధ్యవర్తి లేనిది ఇదొక్కటే.

ఆసుపత్రుల్లో ఇలాంటి వ్యాప్తిని ఆపడానికి కేంద్రం 2010లోనే మార్గదర్శకాలిచ్చింది. గాలి ఆడనివ్వండి, దగ్గేవాళ్లను వేరుగా కూర్చోబెట్టి ముందు చూసి పంపండి అని. పెరూలోని లిమాలో ఆసుపత్రుల్లో గాలి ఆడే తీరును కొలిచి చూసిన పరిశోధన 2007లో వచ్చింది. ఎత్తు కప్పు, పెద్ద కిటికీలున్న పాతకాలపు వార్డులు కిటికీలు, తలుపులు తెరిస్తే చాలు, గాలి మార్చే ఖరీదైన యంత్రాలున్న గదుల కంటే మెరుగని తేలింది. అంటే పైసా ఖర్చు లేదు. అదే చిక్కు. టెండరు లేని పనిని ఏ ఆఫీసరు ముట్టుకుంటాడు?

కాబట్టి నా మనవి: కిటికీ తెరవడానికి టెండరు పిలవండి. ‘గవాక్ష వికాస పథకం’, మొదటి దశ. మంత్రిగారు వస్తారు. రిబ్బను, కొబ్బరికాయ, శిలాఫలకం. రెక్క తీయగానే చప్పట్లు. ఎమ్మెల్యేగారికి ఫలకం మీద పేరు చిన్నదైందని అలక, అందుకని ఆయనకు పక్క కిటికీ. రెండో రెక్క తమ హయాంలోనే సగం తెరిచామని ప్రతిపక్షం ఖండన. కాన్వాయ్ గేటు దాటగానే అటెండరు వచ్చి మూసేస్తాడు, ఏసీ గాలి పోతోందని.

కఫం పరీక్షించి క్షయ ఉందో లేదో రెండు గంటల్లో చెప్పే సీబీనాట్ మిషను ఉంది. దాని దాకా చేరాలంటే దగ్గే మనిషి చీటీ లైను, ఓపీ లైను, ఎక్స్‌రే లైను అన్నింట్లోనూ దగ్గుకుంటూ నిలబడాలి. 2025 కల్లా క్షయను తరిమేస్తామని 2018లో ప్రకటించుకున్నాం. గడువు వెళ్లిపోయింది. క్షయ వెళ్లలేదు.

ఆ హాలు ఊడ్చే ఔట్‌సోర్సింగ్ ఆమెకు నవ్వు రాదు. ఆమెకు ఇచ్చేది పల్చటి నీలం మాస్కు. అది దగ్గేవాడి మూతికి కట్టాల్సింది, ఆమె పీల్చే గాలిని సరిగా వడకట్టదు. రేపు ఆమెకే దగ్గు పట్టుకుంటే ‘ఇంటి దగ్గర అంటుకుని ఉంటుంది’ అంటారు. ఆరు నెలలు మందులు మింగాలి, రానిరోజు జీతం కోత. హౌస్‌సర్జన్లు, నర్సమ్మలు రాత్రింబవళ్లు పీల్చేదీ ఆ గాలే. తనిఖీకొచ్చే దొరగారికి మాత్రం గేటు దగ్గరే పీల్చే గాలిని వడకట్టే ఎన్95 మాస్కు అందుతుంది. ఆయన హాల్లో ఉండేది పది నిమిషాలు, ఆమె ఉండేది షిఫ్టంతా. ఏ లెక్కన పంచారయ్యా ఆ మాస్కులు?