అంబులెన్సు కొలువుకు మెట్లు కట్టాలి

బైపీసీ చదివి నీట్‌లో ర్యాంకు రాని పిల్లలను ఏ కోర్సులో చేర్పించాలన్న ఆలోచన ఏటా వేసవిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని వేల ఇళ్లలో సాగుతుంది. నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా అన్న మూడు మాటల దగ్గరే ఆ ఆలోచన సాధారణంగా ఆగిపోతుంది. పారామెడికల్ అంటే మన వాడుకలో రక్తపరీక్షల గది, ఎక్స్‌రే గది, ఆపరేషన్ థియేటర్. ఆసుపత్రి గడప ఇవతల, రోడ్డు మీద, పొలం గట్టున, ఇంటి అరుగు మీద మనిషి ప్రాణం నిలబెట్టే పారామెడిక్ అనే వృత్తి వేరే ఉందని, దానికి తనదైన చదువు ఉందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఇందులో వారిని తప్పుపట్టవలసింది లేదు. ఆ వృత్తికి ఒక హోదాను, పైకి ఎక్కేందుకు మెట్లను ఏర్పరచడంలో ప్రభుత్వాలు చేసిన జాప్యమే దీనికి కారణమని మేము భావిస్తున్నాము.

108 సేవ 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమై, తరువాత అనేక రాష్ట్రాలకు ఆదర్శమైంది. బండి నడిపే పైలట్, వెనుక రోగి పక్కన కూర్చునే ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్), అవసరమైతే ఫోన్‌లో సలహా చెప్పే వైద్యుడు అన్న ఏర్పాటు మీదే అది ఇన్నేళ్లూ నడిచింది. ఈఎంటీలలో చాలామంది సైన్సు డిగ్రీతోనో, నర్సింగ్, ఫార్మసీ చదువులతోనో వచ్చి, కొన్ని వారాల శిక్షణ పొంది బండెక్కినవారే. నిర్వహణ సంస్థలు మారుతూ వచ్చాయి, వాహనాలు మారాయి, కానీ ఈఎంటీగా చేరిన మనిషి పదేళ్లకూ పదిహేనేళ్లకూ ఈఎంటీగానే ఉండిపోయే పరిస్థితి మాత్రం పెద్దగా మారలేదు.

ఆ పని ఎంత తెలివితేటలు కోరుతుందో తెలియాలంటే కిడ్నీ జబ్బులు విస్తారంగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని చూడాలి. కవిటి, సోంపేట ప్రాంతంలోని ఒక కొబ్బరితోట మధ్య ఇంటికి అర్ధరాత్రి బండి వెళ్లిందనుకుందాం. వారంలో చేయించుకోవలసిన డయాలసిస్ ఒకటి తప్పిపోయిన రోగి ఆయాసంతో కొట్టుమిట్టాడుతున్నాడు. స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెడితే, ఊపిరితిత్తుల్లో చేరిన నీటివల్ల ఆయాసం ఇంకా పెరుగుతుంది కాబట్టి కూర్చోబెట్టే తీసుకెళ్లాలి. నీరసంగా ఉన్నాడని అలవాటుగా సెలైన్ ఎక్కిస్తే మేలుకు బదులు కీడే జరుగుతుంది. డయాలసిస్ కోసం ఫిస్టులా (ధమనినీ సిరనూ కలిపే అమరిక) వేసిన చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, సూది గుచ్చకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఏ క్షణంలోనైనా ఆగిపోవచ్చు. మానిటర్ మీద గీతల్లో కోసుగా లేచిన శిఖరాలను గుర్తుపట్టగలిగితేనే ఆ సంగతి ముందుగా తెలుస్తుంది. వీటన్నిటితో పాటు, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే గంట వృథా అవుతుందని, డయాలసిస్ సదుపాయం ఉన్నచోటికే తీసుకెళ్లాలని, అక్కడికి ముందే ఫోన్ చేసి చెప్పాలని ఈఎంటీకి తోచాలి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి రోగి ప్రాణంతో చేరతాడా లేదా అన్నది ఈ నిర్ణయాల మీదే ఆధారపడి ఉంటుంది. కొన్ని వారాల పాఠాలతో ఇంత వివేచన అలవడాలని ఆశించడం న్యాయం కాదు.

శృంగవరపుకోట కొండల మీది గూడేల నుంచి డోలీలో దిగివచ్చే గర్భిణి సంగతీ అంతే. దారిలోనే కాన్పు అయితే, పుట్టిన బిడ్డను తుడిచి, వెచ్చగా చుట్టి, ఊపిరి తీసుకోకపోతే మొదటి నిమిషంలోనే మాస్కుతో గాలి అందించాలి. అదే సమయంలో తల్లికి రక్తస్రావం ఆగుతున్నదో లేదో చూసుకోవాలి. అక్కడ ఉన్నవి రెండే చేతులు.

2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి వద్ద రెండు పాసింజరు రైళ్లు ఢీకొన్న విషాదాన్ని విజయనగరం మరచిపోలేదు. అటువంటి చోట పెద్దగా అరుస్తున్నవారి కన్నా, అలికిడి లేకుండా పడి ఉన్నవారి దగ్గరికి ముందు వెళ్లడం, ఎవరిని మొదట తరలించాలో, ఎవరు కాసేపు ఆగగలరో నిమిషాల్లో తేల్చడం పారామెడిక్ చదువులో ఒక ప్రత్యేక విద్య. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా జాతీయ రహదారి సాగే ఈ ప్రాంతానికి ఆ విద్య ఎంతైనా అవసరం.

అమెరికాలో ఈ వృత్తికి నాలుగు అంచెలున్నాయి. రెండో అంచెలోని ఈఎంటీకి 150 గంటలకు అటూఇటూగా శిక్షణ సరిపోతే, పై అంచెలోని పారామెడిక్‌కు వెయ్యి గంటలకు మించి కావాలి. బ్రిటన్‌లో రిజిస్టరులో పేరు లేనివారు తమను పారామెడిక్ అని చెప్పుకోవడమే నేరం. మన పార్లమెంటు కూడా 2021లో అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసి, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును (పారామెడిక్‌ను) గుర్తింపు పొందిన వృత్తుల జాబితాలో చేర్చింది. అనుబంధ వృత్తికి కనీసం 2000 గంటల చదువు, ఆరోగ్య సంరక్షణ వృత్తికి కనీసం 3600 గంటల చదువు ఉండాలని, వృత్తిలో ఉన్నవారి పేర్లు రిజిస్టరులో నమోదు కావాలని నిర్దేశించింది. ఇక కావలసింది ఆ చట్టం మన బండి దాకా రావడం.

శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. విజయనగరంలో 2023లో మరొకటి వచ్చింది. రెండింటికీ బోధనాసుపత్రులు, రాత్రింబవళ్లు పనిచేసే క్యాజువాలిటీ వార్డులు ఉన్నాయి. అత్యవసర వైద్యంలో డిగ్రీ చదువుకు ఇంతకన్నా తగిన తరగతి గది వెతికినా దొరకదు. క్యాజువాలిటీలోనూ, కాన్పుల గదిలోనూ, బండిలోనూ విద్యార్థి నిర్ణీత గంటలు గడిపేలా ఆ చదువు ఉండాలి. ఇప్పటికే పనిచేస్తున్న ఈఎంటీలకు వారి అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే వారధి కోర్సు పెట్టాలి. పదేళ్లు రోడ్డు మీద ప్రాణాలు కాపాడినవారిని మొదటి సంవత్సరం బెంచీ మీద మళ్లీ కూర్చోమనడం వారిని అవమానించడమే. చదువు ముగిసినవారికి సీనియర్ పారామెడిక్, శిక్షకుడు, కంట్రోల్ రూమ్ పర్యవేక్షకుడు వంటి పోస్టులు ప్రభుత్వ లెక్కల్లో మంజూరై ఉండాలి. పైడిభీమవరం మందుల పరిశ్రమలకు, భోగాపురం విమానాశ్రయానికి, మూలపేట ఓడరేవుకు కూడా ఇటువంటి నిపుణులు కావాలి కనుక చదివినవారికి పని దొరకదన్న భయం అక్కరలేదు.

ఈ లోగా తల్లిదండ్రులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. కొద్ది నెలల్లో సర్టిఫికెట్, చేరిన వెంటనే ఉద్యోగం అని గోడల మీద రాసే సంస్థలకు ఫీజు కట్టేముందు, ఆ కోర్సుకు విశ్వవిద్యాలయం అనుబంధం గానీ, రాష్ట్ర పారామెడికల్ బోర్డు అనుమతి గానీ ఉన్నదో లేదో కాగితం చూపించమని అడగాలి. ఏ ఆసుపత్రిలో ఎన్ని గంటలు పని నేర్పిస్తారో కూడా అడగాలి. అమ్మాయిలు ఈ వృత్తిలోకి ఎక్కువగా రావాలంటే, బండి నిలిచే ప్రతి చోటా మరుగుదొడ్డి, రాత్రి విధుల్లో తలుపు వేసుకుని విశ్రమించగల గది ఉండాలి. ఇది చిన్న ఖర్చు, వెంటనే చేయదగిన పని.

వచ్చే విద్యా సంవత్సరానికే రెండు కళాశాలల్లోనూ డిగ్రీ సీట్లకు అనుమతి కోరుతూ ప్రతిపాదనలు వెళ్లాలని, తొలి విడతలో సగం సీట్లు ప్రస్తుతం 108లో పనిచేస్తున్నవారికే కేటాయించాలని, చదివే కాలంలో వారి జీతం ఆగకుండా చూడాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాము. రెండు జిల్లాల శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ఈ విషయాన్ని రానున్న జిల్లా సమీక్షా సమావేశాల్లోనే లేవనెత్తాలి.