గుంపు మెయిల్‌కు జేజేలు

మనుషులతో మాట్లాడటం కంటే వాళ్లను వర్గాలుగా విడగొట్టడం తేలికని నాగరికత ఎప్పుడో కనిపెట్టింది. కాకపోతే దాన్ని పకడ్బందీగా అమలు చేయడానికి సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడా లోటు లేదు. కాంటాక్ట్స్ తెరిచి, మనకు తెలిసిన ప్రతి ప్రాణికీ ఒక లేబుల్ తగిలిస్తే చాలు. మెయిల్ రాసేటప్పుడు 'టు' గడిలో ఆ లేబుల్ పేరు సగం కొట్టేసరికే గుంపంతా హాజరు. ఒక్క సెండ్‌తో వందమందిని పలకరించినట్టూ ఉంటుంది, ఏ ఒక్కరినీ పట్టించుకోవాల్సిన పని లేకుండానూ పోతుంది. ఇంత గొప్ప సదుపాయాన్ని పట్టుకుని కొందరు "పేరు పెట్టి రెండు ముక్కలు రాయలేరా" అని సణుగుతున్నారు. వారి అజ్ఞానాన్ని పోగొట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చరిత్ర కూడా గుంపు మెయిల్ పక్షానే ఉంది. 1971లో అమెరికన్ ఇంజనీరు రే టామ్లిన్‌సన్ నెట్‌వర్క్ మీదుగా మొదటి ఈమెయిల్ పంపినప్పుడు అది వెళ్లింది పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య. పంపిందీ ఆయనే, అందుకుందీ ఆయనే. అందులో ఏం రాశారో తనకే గుర్తులేదని తర్వాత చెప్పారు. ఒక్కరి కోసం రాస్తే అంతే మరి, రాసినవాడికే గుర్తుండదు. అదే 1978 మే నెలలో గ్యారీ థర్క్ అనే మార్కెటింగ్ మేనేజర్, తమ కంపెనీ కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ, ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్‌లో ఉన్న దాదాపు 400 మందికి ఒకే మెయిల్ పంపితే ప్రపంచం దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు. అడ్రసులు ఎక్కువై, వాటికి కేటాయించిన చోట పట్టక, మిగిలినవి ఉత్తరం మధ్యలోకి పొర్లాయి. అందుకున్నవాళ్లు తిట్టిపోశారు. ఆయన మాత్రం ఆ మెయిల్ వల్ల కోటికి పైగా డాలర్ల అమ్మకాలు జరిగాయని చెప్పుకున్నారు. అడ్రసుల గందరగోళం, జనం తిట్లు, పంపినవాడి సంతృప్తి. గుంపు మెయిల్ శాస్త్రమంతా తొలిరోజే పూర్తయిపోయింది. మనం దానికి రంగులు వేసుకున్నాం, అంతే.

రంగులంటే మాటవరసకు కాదు. మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్‌లో కేటగిరీలకు 25 రంగులున్నాయి. క్లయింట్లు ఎరుపు, సహోద్యోగులు నీలం, బంధువులు పసుపు. మానవ సంబంధాలకు ఇరవై ఐదు చాలవని ఎవరైనా అంటే వాళ్లకు పరిచయాలు ఎక్కువని కాదు, పని తక్కువని అర్థం. వర్గీకరణ మొదలుపెట్టిన రోజు మనిషి ముఖంలో ఒక వెలుగు ఉంటుంది. 'ముఖ్యం' అని ఒక లేబుల్ పుడుతుంది. నెల తిరిగేసరికి 'ముఖ్యం 2' పుడుతుంది. ఆపైన 'ముఖ్యం కొత్తది'. ఈ మూడింటిలో ఏది ముఖ్యమో తేలక చివరికి అందరూ వెళ్లి చేరేది 'ఇతరులు'లోనే. ఆ లేబుల్ తెరిస్తే, గుండెకు ఆపరేషన్ చేసిన డాక్టరు, ఏసీ బాగుచేసే రమేష్, పదో తరగతిలో పక్క బెంచీలో కూర్చున్న ప్రాణస్నేహితుడు ఒకే వరుసలో సమానంగా కనిపిస్తారు. సమసమాజాన్ని ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఎవరూ సాధించలేదు.

ఇంకో సుగుణం, లేబుల్‌కు కాలంతో పనిలేదు. నాలుగేళ్ల కింద 'జూనియర్లు'లో వేసిన అబ్బాయి ఈపాటికి మన పైఅధికారి అయి ఉంటాడు. అయినా "పిల్లలూ, బాగా కష్టపడండి" అన్న మెయిల్ ఆయనకు ఠంచనుగా అందుతుంది. చనిపోయినవారికి సైతం పండగ శుభాకాంక్షలు ఆగవు. బాబాయి 'బంధువులు'లోనూ 'క్లయింట్లు'లోనూ ఉంటే ఒకే ఉదయం ఆయనకు రెండు మెయిళ్లు వెళ్తాయి. ఒకదాంట్లో "బాబాయ్, ఒంట్లో ఎలా ఉంది", మరోదాంట్లో "గౌరవనీయులైన వినియోగదారునికి, మీ బకాయి గడువు ముగిసినది". ఒక మనిషిని రెండు కోణాల్లో ప్రేమించడం అంటే ఇదే.

ఇక ఉత్తరం సంగతి. అందరికీ సరిపోవాలంటే అందులో ఎవరికీ సంబంధించినది ఉండకూడదు. అందుకే "డియర్ ఆల్" దగ్గర మొదలై "మీ సహకారానికి ధన్యవాదాలు" దగ్గర ముగుస్తుంది. మధ్యలో ఒక అటాచ్‌మెంట్ ఉండాలి, అది మర్చిపోతాం. దాంతో ఐదు నిమిషాల్లో రెండో మెయిల్ పంపే అవకాశం దక్కుతుంది.

ఇంత పొడిగా ఉంటే బాగోదని మెయిల్ మెర్జ్ అనే ఆత్మీయతా యంత్రాన్ని కనిపెట్టారు. ఎక్సెల్ షీట్‌లో ఒక కాలమ్‌లో పేర్లు, పక్క కాలమ్‌లో అడ్రసులు పెట్టుకుంటే, ఒకే ఉత్తరం ఎవరి పేరుతో వాళ్లకు విడివిడిగా పోతుంది. అంతా బాగానే ఉంటుంది. ఒక శుభముహూర్తాన ఎవరో పేర్ల కాలమ్‌ను మాత్రం అక్షరక్రమంలో సర్ది, అడ్రసుల కాలమ్‌ను ఎక్కడిదక్కడే వదిలేస్తారు. లక్ష్మి గారికి "ప్రియమైన వెంకట్రావు గారికి" అని, వెంకట్రావు గారికి "ప్రియమైన అనిత గారికి" అని ఆప్యాయంగా వెళ్తుంది. అంతకంటే అందమైన ప్రమాదం మరొకటుంది. మనం ఫోన్లో పేర్లు ఎలా సేవ్ చేసుకుంటామో గుర్తు తెచ్చుకోండి. సురేష్ అని ఎవరు రాసుకుంటారు? 'సురేష్ ఎత్తొద్దు' అని రాసుకుంటాం. ఆ కాంటాక్టులే సింక్ అయి, షీట్‌లోకి ఎగుమతై, మెర్జ్‌లో పడతాయి. "ప్రియమైన సురేష్ ఎత్తొద్దు గారికి, మా కుటుంబంలో మీకెప్పుడూ ప్రత్యేక స్థానం ఉంది." అందులో అబద్ధం ఏముంది? 'మూర్తి బాకీ' గారికి, 'పద్మ మాటకారి' గారికి కూడా ఇదే మర్యాద దక్కుతుంది. యంత్రానికి మొహమాటం తెలియదు.

బీసీసీ అనే గడి ఒకటుంది. అందులో వేస్తే ఒకరి అడ్రసు ఒకరికి కనపడదు. దాని పక్కనే ఉన్న 'టు', 'సీసీ' గడుల్లో వేస్తే అందరి అడ్రసులూ అందరికీ కనపడతాయి. తేడా ఇంతే. ఇంత చిన్న తేడాను కాసేపు వేళాకోళం పక్కనపెట్టి చూడాలి. 2021 సెప్టెంబరులో, తాలిబన్లు అధికారం చేజిక్కించుకున్న కొద్ది వారాలకే, బ్రిటన్ రక్షణ శాఖ తమకు సాయపడిన అఫ్గాన్ల తరలింపు గురించి వాళ్లకు గుంపు మెయిల్ పంపింది. అడ్రసులన్నీ 'టు' గడిలో పెట్టింది. ఎవరి కంటా పడకూడదని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాక్కున్నవాళ్ల వివరాలవి. అందుకున్నవారిలో ఒకరు తామున్న చోటు చెబుతూ అందరికీ రిప్లై కూడా ఇచ్చారు. ఇలాంటి మెయిళ్లలో బయటపడ్డ అడ్రసులు 250కి పైనే. 2023లో అక్కడి సమాచార కమిషనర్ ఆ శాఖకు 3.5 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. ఒక గడి అటూ ఇటూ అయినందుకు.

మళ్లీ మన మామూలు లోకంలోకి వద్దాం. ఇక్కడ పోయేది ప్రాణాలు కాదు, సర్వర్లు మాత్రమే. 1997లో మైక్రోసాఫ్ట్‌లో ఒక ఉద్యోగి, బెడ్లామ్ డీఎల్3 అనే లిస్టులో తన పేరు ఎందుకుందని, తీసేయమని ఆ లిస్టుకే మెయిల్ పెట్టాడు. అందులో సుమారు 13 వేల మంది ఉన్నారు. "నన్నూ తీసేయండి" అని మరొకరు, "నన్ను కూడా" అని ఇంకొకరు. ఆపైన వచ్చే పాత్ర ఎవరో మీకు తెలుసు. "దయచేసి ఎవరూ అందరికీ రిప్లై ఇవ్వకండి" అని అందరికీ రిప్లై ఇచ్చే విజ్ఞులు. కోటిన్నర మెసేజ్‌లు పోగై వాళ్ల మెయిల్ వ్యవస్థ చతికిలపడింది. అది మెయిల్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ. 2016లో బ్రిటన్ ఆరోగ్య వ్యవస్థలో ఒక పరీక్ష మెయిల్ 8 లక్షలకు పైగా అకౌంట్లకు వెళ్లినప్పుడూ ఇదే కథ, ఇదే విజ్ఞులు.

అయితే గుంపు మెయిల్ అసలు మహిమ ఇవేవీ కాదు. "ఎవరైనా ఒకరు ఈ ఫైల్ చూడగలరు" అని నలభై మందికి పంపి చూడండి. ఆ ఎవరైనా ఒకరు ఎవరన్నది నలభై మందిలో ప్రతివాడికీ స్పష్టంగా తెలుసు. పక్కవాడు. నెల గడిచాక ఫైల్ ఎందుకు ఆగిందని అడిగితే పంపినవాడు "మెయిల్ పెట్టానుగా" అంటాడు, అందుకున్నవాళ్లు "అందరికీ పెట్టారుగా" అంటారు. తిలా పాపం తలా పిడికెడు. పాపాన్ని ఇంత సమంగా, ఇంత వేగంగా పంచే సాధనం ఇంతకుముందు లేదు. అదే మెయిల్‌ను ఒక్క మనిషికి పేరుపెట్టి రాస్తే పాపం ఆ మనిషి చచ్చినట్టు ఫైల్ చూడాల్సి వస్తుంది. అంత క్రూరత్వం మనకెందుకు?

ఇన్ని సుగుణాలున్నా కంపెనీలు దీన్ని ప్రోత్సహించడం లేదు సరికదా, తొక్కేస్తున్నాయి. మామూలు జీమెయిల్‌లో ఒక మెయిల్‌కు 500 మందికి మించి పెట్టనివ్వరు. ఐదువందల మందికి కూడా తెలియని వ్యక్తి ఏం వ్యక్తి? 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్ అకౌంట్లకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ప్రచార మెయిళ్లలో ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఇవ్వాలట. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదట. ఈ రూల్ వ్యాపారులకే పరిమితం చేయడం అన్యాయం. 'ఫ్యామిలీ' లేబుల్‌కు రోజూ ఉదయం సూక్తులు పంపే పెదనాన్నల మెయిల్ కింద కూడా ఆ బటన్ ఉండాలని ఈ రచయిత డిమాండ్. నొక్కే ధైర్యం ఎవరికీ ఉండదనుకోండి, అది వేరే సంగతి.

ఇంతా చేసి, ఎప్పుడైనా విసుగొచ్చి ఒక లేబుల్‌ను తీసేద్దామనుకుంటే గూగుల్ కాంటాక్ట్స్ ఒక ప్రశ్న వేస్తుంది. కాంటాక్టులను ఉంచి లేబుల్ మాత్రమే తీసేయమంటారా, లేబుల్‌తో పాటు కాంటాక్టులను కూడా తీసేయమంటారా? వేదాంతులు కూడా ఇంత సూటిగా అడగలేదు. 'ఫ్రెండ్స్' లేబుల్ మీద ఈ ప్రశ్న ఎదురైతే సిసలైన గుంపు మెయిల్ భక్తుడు తొట్రుపడడు. క్యాన్సిల్ కొట్టి, అదే లేబుల్‌కు ఒక మెయిల్ రాస్తాడు. "డియర్ ఆల్, కాంటాక్టులు సర్దుతున్నాను. నా ఫ్రెండ్స్‌లో కొనసాగాలనుకునేవారు శుక్రవారం లోపు రిప్లై ఇవ్వగలరు."