30వ ర్యాంక్ ఇచ్చారని కాదు నా ఏడుపు

ఇప్పుడే చూశా, చూసి ఫోన్ పక్కన పడేశా, మళ్ళీ తీసి చూశా, అదే ఉంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ, 2025-26 సీజన్, ఈ వారం పవర్ ర్యాంకింగ్స్. మా ఇండియానా పేసర్స్ 30. లీగ్‌లో ఉన్నవే 30 టీమ్‌లు. సరే, దానికి నేనేం గొడవ పెట్టుకోను, ఈ సీజన్‌లో మేం ఆడుతున్న ఆటకి 31 అనేది ఉంటే అదే ఇచ్చేవాళ్ళు, నేనూ నోరు మూసుకునేవాణ్ణి. మొదటి 14 మ్యాచ్‌లలో ఒక్కటి గెలిచిన టీమ్ మాది, నాకు తెలుసు, ఆ పద్నాలుగూ చూశా కాబట్టి రాసినవాడికంటే బాగా తెలుసు. నాకు మండింది నంబర్ చూసి కాదు, నంబర్ కింద రాసింది చూసి. ఒకటో ర్యాంక్ టీమ్‌కి నాలుగు పేరాలు. అయిదో ర్యాంక్‌కి రెండు. ఇరవయ్యో ర్యాంక్ వాళ్ళకి కూడా వాళ్ళ కోచ్ బాధ, వాళ్ళ కొత్త కుర్రాడి కష్టం, అన్నీ ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. మా దగ్గరికొచ్చేసరికి "వచ్చే ఏడాది కలుద్దాం." అంతే. మూడు మాటలు, పక్కన ఒక నవ్వు బొమ్మ.

ఆ నవ్వు బొమ్మ దేనికి బాబూ?

2025 జూన్‌లో ఫైనల్స్‌ని ఏడో మ్యాచ్ దాకా లాక్కెళ్ళిన టీమ్ ఇది. ఆ ఏడో మ్యాచ్‌లో మొదటి క్వార్టర్ కూడా పూర్తి కాకముందే మా స్టార్ హాలిబర్టన్‌కి అకిలీస్, అదే మడమ వెనకుండే నరం, తెగింది, మనిషి నేల మీద పడి చేత్తో ఫ్లోర్‌ని కొడుతున్నాడు, అప్పటికే మూడు త్రీలు (మూడేసి పాయింట్ల షాట్లు) వేసి ఉన్నాడు, అంతకుముందే పిక్క పట్టేసిన కాలుతోనే ఆడుతున్నాడు, అలాంటివాడు లోపలికెళ్ళిపోయినా హాఫ్ టైమ్‌కి 48-47తో మేమే ముందున్నాం. ఆఖరికి 103-91తో ఓడాం. నేను ఆ మ్యాచ్ రెండో సగం ఇప్పటికీ మళ్ళీ చూడలేదు, చూడను కూడా. ఈ సీజన్ మొత్తం అతను ఆడడని జులైలోనే చెప్పేశారు. అంటే ఈ టీమ్ ఎందుకిలా ఉందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఒక పేరా రాయడానికి సరుకు లేదా ఇందులో?

అసలు ఈ పవర్ ర్యాంకింగ్ అనేది ఏంటో ఒకసారి మాట్లాడుకుందాం. స్టాండింగ్స్ అంటే లెక్క. గెలిచావా ఓడావా, ఎవడి అభిప్రాయానికీ అక్కడ చోటు లేదు. పవర్ ర్యాంకింగ్ అంటే లెక్క ఎలా ఉన్నా అసలు ఎవడిలో ఎంత సత్తా ఉందో నేను చెప్తా అని ఒకడు కూర్చుని రాసేది. ఐడియా మంచిదే, నాకిష్టమే. ఎవడు వరసగా రెండు రాత్రులు వేరే వేరే ఊళ్ళలో ఆడి అలిసిపోయి ఓడాడు, ఎవడు సొంత గ్రౌండ్‌లో చచ్చుపుచ్చు టీమ్‌లని కొట్టి రికార్డు పెంచుకున్నాడు, ఎవడు పాతిక పాయింట్లతో గెలుస్తున్నాడు, ఎవడు ఆఖరి నిమిషంలో అదృష్టంతో బయటపడుతున్నాడు, ఇవన్నీ తూచి చెప్పాలి. కానీ వీళ్ళు చేసేదేంటి? వారంలో మూడు గెలిస్తే ఆరు మెట్లు పైకి, రెండు ఓడితే అయిదు మెట్లు కిందికి. దీనికి నువ్వెందుకయ్యా, స్కోర్లు మాకూ కనిపిస్తున్నాయి. గోడ మీద పిల్లి అంటారు కానీ ఆ పిల్లి నయం, కనీసం గోడ మీదైనా నిలకడగా కూర్చుంటుంది.

2024 డిసెంబర్ గుర్తుందా? మీకు గుర్తుంటుంది, మన బ్యాచ్ అందరికీ గుర్తుంటుంది, రాసేవాళ్ళకే గుర్తుండదు. అప్పుడు మేం 10-15. పదిహేను ఓటములు. అప్పటి ర్యాంకింగ్స్ స్క్రీన్‌షాట్లు ఇంకా నా ఫోన్‌లో ఉన్నాయి, స్టోరేజ్ నిండిపోయినప్పుడల్లా పెళ్ళి ఫోటోలైనా డిలీట్ చేస్తా కానీ అవి చెయ్యను. అంతకుముందు ఏడాది ఈస్ట్ ఫైనల్ ఆడటం గాలివాటమని ఒకడు, డిఫెన్స్ లేని టీమ్ అని ఒకడు, మా ఇంకో స్టార్ సియాకమ్‌ని అమ్మేయండి అని ఇంకొకడు. తర్వాత ఏమైంది? మిగతా 57 మ్యాచ్‌లలో 40 గెలిచాం. 50-32. ఎవడైనా ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, అప్పుడు తప్పు రాశాను అన్నాడా? అనడు. వచ్చే సోమవారం కొత్త లిస్ట్ వస్తుందిగా, పాతది ఎవడు చూస్తాడు. వాతావరణం చెప్పేవాళ్ళనైనా జనం నాలుగు తిట్లు తిడతారు, వీళ్ళకి అది కూడా లేదు.

ఇక ఆ సీజన్ ప్లేఆఫ్స్ గురించి నేను చెప్పక్కర్లేదు కానీ చెప్తా, చెప్పుకోడానికి ఈ ఏడాది ఇంకేం లేదు కాబట్టి. మిల్వాకీ మీద ఓవర్‌టైమ్‌లో 40 సెకన్లుండగా ఏడు పాయింట్లు వెనక ఉండి గెలిచాం. క్లీవ్‌లాండ్‌లో రెండో మ్యాచ్, ఫ్రీ త్రో మిస్సయింది, మిస్సయిన బంతిని తనే పట్టుకుని, బయటికొచ్చి, 1.1 సెకన్లుండగా త్రీ వేశాడు హాలిబర్టన్. 120-119. న్యూయార్క్‌లో, అదీ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, బంతి రింగ్ వెనక తగిలి పైకి లేచి లేచి ఎప్పటికో దిగి లోపల పడింది, మావాడు త్రీ అనుకుని మా పాత హీరో రెజ్జీ మిల్లర్‌లా మెడ పట్టుకుని సైగ కూడా చేసేశాడు, తీరా చూస్తే కాలు లైన్ మీదుంది, రెండు పాయింట్లే, ఓవర్‌టైమ్, అది కూడా గెలిచాం. ఓక్లహోమా సిటీలో ఫైనల్స్ మొదటి మ్యాచ్, మ్యాచ్ మొత్తంలో మేం ముందున్నది ఆఖరి 0.3 సెకన్లే, అదే సరిపోయింది.

ఆ క్లీవ్‌లాండ్ గురించి ఒక మాట. 15-0తో సీజన్ మొదలుపెట్టి 64 గెలిచిన టీమ్ అది. వారాల తరబడి ర్యాంకింగ్స్‌లో పైనే కూర్చోబెట్టారు, ఎంత రాశారో, ఎంత పొగిడారో. మా చేతిలో అయిదు మ్యాచ్‌లకే ఇంటికెళ్ళారు. (వాళ్ళకి దెబ్బలు తగిలాయి అంటారేమో. తగిలాయి. మాకు ఫైనల్స్‌లో తగిలింది దోమకాటా?) 2015 అట్లాంటా హాక్స్ కథ కూడా అంతే, జనవరి నెలంతా ఒక్కటీ ఓడకుండా 17-0, అయిదుగురు స్టార్టర్లకీ కలిపి ప్లేయర్ ఆఫ్ ద మంత్ ఇచ్చేశారు, చివరికి లెబ్రాన్ వచ్చి 4-0 చేసి పోయాడు. వాపు చూసి బలుపు అనుకోవడం వీళ్ళకి కొత్త కాదు. వీళ్ళ మాటే నిజమైతే జనవరిలోనే కప్పు ఇచ్చేసి అందరం పడుకోవచ్చు, ఏప్రిల్ దాకా 82 మ్యాచ్‌లు దేనికి?

2025 ఏప్రిల్‌లో ఇంకోటి. పేర్లు బయటపెట్టకుండా ప్లేయర్లనే అడిగి ఒక సర్వే చేశారు, లీగ్‌లో ఓవర్‌రేటెడ్ ఎవరు అని. మొదటి స్థానం ఎవరికి? మా హాలిబర్టన్‌కే. ఆ పై నెలన్నరలో ఏం జరిగిందో పైన రాశా. ఓటేసిన పెద్దమనుషులు జూన్‌లో ఎక్కడున్నారో, టీవీ ముందు ఉండుంటారు, ఆడటానికి ఎక్కడా మ్యాచ్‌లు లేవు కదా.

సరే అసలు విషయానికొస్తా. ఆ మూడు మాటల పైన వాళ్ళు పెట్టిన ఫోటో చూశారా మీరెవరైనా? నేను మొదట గమనించలేదు. మా పేసర్స్ ర్యాంక్ దగ్గర పెట్టిన ఫోటోలో ఉన్నది ఎవరో తెలుసా. మైల్స్ టర్నర్.

మైల్స్ టర్నర్! మా జెర్సీలో!

అయ్యా, అతను జులైలోనే వెళ్ళిపోయాడు. మిల్వాకీకి. ర్యాంకింగ్ రాసేవాడికి ఏ టీమ్‌లో ఎవడున్నాడో కూడా తెలీదన్నమాట, సగం సీజన్ అయ్యాక. పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. ఇప్పుడిక ర్యాంకింగ్ సంగతి పక్కనపెట్టండి, టర్నర్ సంగతి మాట్లాడాల్సిందే, నాకు ఇది లోపలే ఉండిపోయింది. 2015 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునేచోట, 11వ పిక్‌గా తీసుకున్నాం, పదేళ్ళు ఉన్నాడు. పదేళ్ళూ ప్రతి ఫిబ్రవరిలో ట్రేడ్ అవుతాడని పుకారు, ప్రతిసారీ మేం అడ్డంపడి వాదించడం, మావాడు బంగారం అని. ఫైనల్స్ ఓడి పది రోజులు కూడా కాలేదు, కన్నీళ్ళు ఆరలేదు, మా స్టార్ కాలికి కట్టుతో ఉన్నాడు, ఈయన ఫ్రీ ఏజెంట్‌గా వెళ్ళిపోయాడు. హక్కే, కాదనను, మా ఓనర్లు ఎంత ఇస్తామన్నారో ఎంత బేరమాడారో దేవుడికెరుక, అందులో మావాళ్ళ పిసినారితనం కూడా ఉండే ఉంటుంది. కానీ ఎక్కడికి? అందరినీ వదిలి మిల్వాకీకా? మేం ఏప్రిల్‌లో ఇంటికి పంపిన టీమ్‌కి! అక్కడ చోటు చెయ్యడానికి వాళ్ళు తమ స్టార్ లిల్లార్డ్‌ని, అతను కూడా అదే అకిలీస్ తెగి పడుంటే, తీసేసి, అతనికివ్వాల్సిన డబ్బంతా అయిదేళ్ళకి పరిచారు. అలా కట్టుకున్న కాపురం ఏమన్నా వెలిగిపోతోందా అంటే అదీ లేదు. నవంబర్ 3న మా గడ్డకి మొదటిసారి వచ్చాడు టర్నర్, జనం గోల చేశారు, నేనుంటే నేనూ చేసేవాణ్ణి. మ్యాచ్ ఎలా అయింది? 115-115 దగ్గర ఆఖరి సెకన్‌లో వాళ్ళ స్టార్ యానిస్ షాట్ వేసి, మా జనం వైపు తిరిగి వెక్కిరించి పోయాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఆ టర్నర్ ఫోటో. నా టీమ్ పేరు కింద.

ఇదే న్యూయార్క్ టీమో, లాస్ ఏంజెలెస్ టీమో అయితే ఇలా జరిగేదా? వాళ్ళ పన్నెండో ప్లేయర్‌కి జలుబు చేసినా వీళ్ళకి తెలుస్తుంది. మాది చిన్న ఊరు, చిన్న మార్కెట్, టీవీవాళ్ళకి అక్కర్లేదు. 1977లో ఈ టీమ్ అమ్ముడుపోకుండా, ఊళ్ళోనే ఉండటానికి టీవీలో టెలిథాన్ పెట్టి 8,000 సీజన్ టికెట్లు అమ్ముకోవాల్సి వచ్చింది. అలా బతికిన టీమ్ ఇది. 1999 ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్ ఆటగాడు లారీ జాన్సన్‌కి ఒకే షాట్‌లో ఇచ్చిన ఆ నాలుగు పాయింట్ల గురించి నేనిప్పుడు మాట్లాడను. ఫౌల్ ముందు, షాట్ తర్వాత, అయినా లెక్కేశారు, 92-91తో న్యూయార్క్ గెలిచింది. మాట్లాడను అన్నాను కదా, ఆపేస్తున్నా.

కింద ఎవడో కామెంట్ కూడా పెట్టాడు, మీకేం బాబూ, డ్రాఫ్ట్‌లో ఫస్ట్ పిక్ కొట్టేస్తారు, కాలేజీ స్టార్ డిబాంట్సా వస్తాడు, పండగే అని. నాయనా, ఫస్ట్ పిక్ ఎవరికో తేల్చే లాటరీ రూల్ చదువుకో. 2026 లాటరీలో అట్టడుగు మూడు టీమ్‌లకీ సమానంగా 14 శాతమే. నూటికి 86 పాళ్ళు రాదు. ముప్పయ్యో ర్యాంక్‌లో ఉన్నందుకు దొరికే గ్యారంటీ ఏంటంటే అయిదో పిక్ కంటే కిందికి పోకపోవడం. దానికోసం 82 మ్యాచ్‌లు ఏడుస్తూ చూడాలా? ఇంకొకడు ట్యాంకింగ్ అన్నాడు, అంటే మంచి పిక్ కోసం కావాలని ఓడటం. సీజన్ మొదటి మ్యాచ్ ఓక్లహోమాతో, వాళ్ళ స్టార్ షేకి 55 పాయింట్లు వెయ్యాల్సొచ్చింది, రెండు ఓవర్‌టైమ్‌లు పట్టింది మమ్మల్ని ఓడించడానికి, 141-135. ఆ తర్వాత వాళ్ళు 24-1 దాకా వెళ్ళారు. కావాలని ఓడేవాడు అలా ఆడతాడా? ఆ మ్యాచ్ నుంచి మావాళ్ళు ఒక్కొక్కడూ గాయాలతో పడిపోయాడు, నెంబార్డ్, టాపిన్, ఎవణ్ణి చూసినా సూట్ వేసుకుని బెంచ్ మీదే. అప్పుడు ఓటములు వచ్చాయి. ఇది రాయొచ్చు కదా. నాలుగు లైన్లు. నాలుగు పేరాలు అడగలేదు నేను, నాలుగు లైన్లు.

ఇంత రాశాక మళ్ళీ ఓపెన్ చేసి చూశా. ఎవరో చెప్పినట్టున్నారు, ఫోటో మార్చారు, ఇప్పుడు సియాకమ్ ఉన్నాడు. మూడు మాటలూ అలాగే ఉన్నాయి. నవ్వు బొమ్మ కూడా.