ఓవర్‌రెవ్ పద్దు గారికి ఒక బావ రాసుకున్న లేఖ

మహారాజశ్రీ ఇంజిన్ కంప్యూటర్‌లో కాపురముంటున్న ఓవర్‌రెవ్ పద్దు గారికి,

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఇంజిన్ కూడా క్షేమమనే అనుకుంటున్నాను. అసలు సంగతి తమరికే తెలియాలి, ఇంజిన్ హద్దుమీరి తిరిగిన ప్రతిసారీ రాసిపెట్టుకునేది తమరే కదా.

మాది పోర్షే 718 కేమన్ జీటీఎస్ 4.0. ఆరు సిలిండర్లు, ఆరు గేర్లు, మాన్యువల్. శనివారం మా బావమరిది వచ్చి "బావా, కీ ఓసారి ఇవ్వవా, అలా ఓ రౌండేసి వస్తా" అన్నాడు. మాన్యువల్ వచ్చా అని అడిగితే నొచ్చుకున్నాడు. "హైదరాబాద్‌లో ఆల్టో నడిపినోణ్ణి బావా, నాకా?" నిజమే, నడిపాడు. ఆ తర్వాత అమెరికా వచ్చి పదేళ్లుగా ఆటోమేటిక్ తప్ప ముట్టలేదు. ఆ ముక్క నేను అనేలోపే మా ఆవిడ నావైపో చూపు చూసింది. కీ చేతులు మారింది.

బండి కడిగించి, ట్యాంకు నింపించి మరీ తెచ్చాడు. అక్కడే అనుమానమొచ్చింది. "సూపర్ బావా! మధ్యలో ఒక్కసారి మాత్రం కొంచెం గట్టిగా అరిచింది" అన్నాడు.

అరవదా మరి! మూడులోంచి నాలుగుకు లివర్ తిన్నగా కిందికి రావాలి. చెయ్యి కాస్త ఎడమకు లాగితే రెండులో పడుతుంది. మూడులో నిమిషానికి 6,500 చుట్లు తిరుగుతున్న ఇంజిన్ రెండులో పడి, క్లచ్ వదిలితే 9,000 దగ్గరికి వెళ్తుంది. ఇంజిన్ దాటకూడని ఎర్రగీత 7,800. యాక్సిలరేటర్ తొక్కి గీత దాటబోతే లిమిటర్ పెట్రోలు ఆపేసి కాపాడుతుంది. ఇక్కడ ఇంజిన్ని తిప్పేది పెట్రోలు కాదు, చక్రాలు. లిమిటర్ చేతులు కట్టుకుని చూడాల్సిందే. వాల్వులు పిస్టన్లకు తగలడం, కనెక్టింగ్ రాడ్ బోల్టులు సాగడం ఇలాంటప్పుడే. అదే పీడీకే అనే పోర్షేవారి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే అలాంటి గేరు అడిగినా ఇవ్వదు. మాన్యువల్‌కే మొహమాటం ఎక్కువ, నాలాగే. (అప్పుడు స్పీడెంత అని అడక్కండి. పోలీసులే అడగలేదు.)

తమరు మాత్రం అడగకుండానే రాసేసుకుంటారు. అదీ నిమిషాల్లో కాదు, స్పార్కుల్లో. ఆరు సిలిండర్ల ఇంజిన్ 9,000 తిరిగితే సెకనుకు 450 స్పార్కులు. మావాడు "అయ్యో" అనేలోపే వంద దాటుతాయి. పైగా ఇంజిన్ తిరిగిన వేగాన్ని బట్టి గడులు కట్టి, ఏ గడిలో ఎన్ని పడ్డాయో, ఆఖరిసారి ఇంజిన్ ఎన్నో గంట నడుస్తుండగా పడ్డాయో పక్కనే రాసిపెడతారు. స్కానర్ తగిలించి చూశాను. ఆ గంట మావాడి రౌండులోకే వచ్చింది.

వారంటీ 4 ఏళ్లు లేదా 50,000 మైళ్లు, ఏది ముందైతే అది. ఇంజిన్ పోయిందని క్లెయిముకు వెళ్తే సర్వీసువాళ్లు ముందు తెరిచేది బానెట్ కాదు, తమరి పద్దు. పై గడుల్లో అంకెలుంటే "మీ వాడకం సార్" అంటారు. ఇన్సూరెన్సువాళ్లు "గుద్దేశారా?" అంటారు, లేదని చెబితే ఫోన్ పెట్టేస్తారు. కొన్నవాడి తరఫున మాట్లాడటానికి ఇక్కడ 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టముంది. బయటి పార్టు బిగించినంత మాత్రాన వారంటీ కొట్టేయకూడదంటుంది. బయటి మనిషిని కూర్చోబెడితే ఏం చేయాలో అందులో లేదు. రేపు అమ్ముదామన్నా, విషయం తెలిసిన కొనుగోలుదారుడు బండి ఎన్ని మైళ్లు తిరిగిందో చూశాక అడిగేది తమరి కాగితమే.

బావమరిది బావ బతుకు కోరతాడని పెద్దలన్నారు. బావ ఇంజిన్ సంగతి వాళ్లెత్తలేదు.

అయ్యా, చిత్రగుప్తుడు కూడా పాపం రాసేముందు పేరు రాసుకుంటాడు. తమరు గేరు తప్పిన గంట రాశారు, స్పార్కులు లెక్కపెట్టారు, తప్పించిన చెయ్యి ఎవరిదో మాత్రం వదిలేశారు. సీటుకు మెమరీ ఉంది, నా నడుము కొలత దానికి తెలుసు. సీటు బాగా వెనక్కి జరిగి ఉందంటే కూర్చున్నది ఆరడుగుల మావాడేనని సీటును అడిగినా చెబుతుంది. ఒకే బండిలో ఉంటూ మీరిద్దరూ మాట్లాడుకోరా?

కాబట్టి మనవి. వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఇంకో గడి పెట్టించండి: "నడిపినవారు". నింపడం కష్టమనిపిస్తే ఫ్యాక్టరీలోనే "బావమరిది" అని అచ్చు వేయించేయండి. ఫ్రిస్కోలో సగం బళ్లకు దిద్దే పనే ఉండదు.

ఇట్లు,
వారంటీ ఉందో లేదో అడగడానికి ధైర్యం చాలని,
తమ విధేయుడు

తా.క.: థ్యాంక్స్‌గివింగ్‌కు మా తోడల్లుడు కూడా వస్తున్నాడట. ఆయన ఊళ్లో ట్రాక్టరు నడిపాడట.