సవరణ: ఆస్ట్రేలియా 16 ఏళ్ల రూల్‌లో ఫైన్ ఎవరికి?

మొన్నటి పోస్ట్‌లో "ఆస్ట్రేలియాలో 16 లోపు పిల్లలు సోషల్ మీడియా వాడితే ఫైన్" అని ఉన్న లైన్ మార్చాను, పాత స్క్రీన్‌షాట్ ఎవరికైనా పంపి ఉంటే దయచేసి ఇది కూడా పంపండి. ఫైన్ పిల్లలకి కాదు, తల్లిదండ్రులకీ కాదు, కంపెనీలకి. 2024 నవంబర్‌లో పాసై 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ఇది, 16 నిండనివాళ్లకి అకౌంట్ లేకుండా కంపెనీ తగిన చర్యలు తీసుకోకపోతే 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా కట్టాల్సి రావచ్చు. ఇది పిల్లలకి తెలియడం చాలా ముఖ్యం, ఎందుకంటే శిక్ష పడుతుందని భయపడిన పిల్ల ఆన్‌లైన్‌లో ఎవడైనా వేధిస్తున్నా ఇంట్లో నోరు విప్పదు.

అమ్మానాన్న ఒప్పుకుంటే అకౌంట్ పెట్టుకోవచ్చా అని చాలామంది అడిగారు, లేదండీ, ఆ వెసులుబాటు లేదు. ఈ రూల్ కిందకి వచ్చే యాప్‌ల లిస్ట్‌లో వాట్సాప్, మెసెంజర్ లేవు. ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ ఉన్నాయి.

యూట్యూబ్ దగ్గరే అసలు తిరకాసు. ఆంక్ష అకౌంట్ మీదే, చూడటం మీద కాదు, లాగిన్ అవ్వకుండా వీడియోలు చూసుకోవచ్చు, కానీ పిల్లల అకౌంట్‌కి మీరు పెట్టిన కంట్రోల్స్ అప్పుడు పనిచేయవు, నాకైతే ఇది పెద్ద లోటే అనిపిస్తుంది.

వయసు చూపించడానికి ప్రభుత్వ ఐడీ ఒక్కటే దారి అని ఏ కంపెనీ పట్టుబట్టకూడదు, వేరే పద్ధతి కూడా ఇవ్వాలి. కాబట్టి పాస్‌పోర్ట్ ఫొటో అడిగిన ప్రతి లింక్‌కీ పంపేయకండి.