రెండు జతల సాక్సులు వద్దు

స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో స్కీయింగ్‌కి రెండు జతల మందపాటి సాక్సులు వేసుకోమని ఒక వ్యాసంలో రాశారు. అది పొరపాటు. మోకాలి కిందిదాకా వచ్చే పల్చటి ఉన్ని సాక్సులు ఒక్క జత చాలు. రెండేస్తే మడతలు పడి బొబ్బలెక్కుతాయి, రక్తప్రసరణ తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. అద్దె బూటు సైజు సెంటీమీటర్లలో ఉంటుంది, పాదం 26.5 ఉంటే బూటూ 26.5. నిటారుగా నిలబడితే వేళ్లు కొసకు తగలాలి, మోకాళ్లు ముందుకు వంచితే కాస్త వెనక్కి జరగాలి. మడమ లేస్తోందంటే బూటు పెద్దదే. షాపులో బరువు మాత్రం తగ్గించి చెప్పకండి, అక్కడ మొహమాటం పనికిరాదు. బూటుని స్కీ పలకకి పట్టి ఉంచే బైండింగ్ బిగింపు మీ బరువుని కూడా చూసి పెడతారు: వదులైతే మధ్యలో స్కీ ఊడుతుంది, మరీ బిగువైతే పడ్డప్పుడు ఊడక మోకాలు మెలిపడుతుంది. అన్నట్టు, జెర్మాట్ ఊళ్లోకి కార్లు రానివ్వరు. దగ్గర్లోని తాష్ అనే ఊళ్లో కారు ఆపి షటిల్ రైలెక్కాలి, 12 నిమిషాలు.